ఆగని దండోరా: క్యాన్సర్ రోగి ఒంట్లో ఐఎల్-6 చేసే పని



ఒక సాయంత్రం మూడు రోజులుగా జ్వరం ఉన్న ఒక పెద్దాయనను ఆటోలో మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. నోటి క్యాన్సరుకు హైదరాబాదులో కీమోథెరపీ ఎక్కించుకొని అది పన్నెండో రోజు. బీపీ పడిపోయింది, చేతులు చల్లబడ్డాయి, మాట తడబడుతోంది. సూది గుచ్చడానికి నరం వెతుకుతూ "జ్వరం మొదలైన రోజే ఎందుకు తీసుకురాలేదమ్మా?" అని ఆయన భార్యను అడిగాము. "క్యాన్సరన్నంక జెరం మామూలే అన్నరు గద సిస్టరమ్మా. మందులు షురూ కాకముందు గూడ వస్తుండె, పోతుండె. గోలి ఏస్తే తగ్గుతుండె" అన్నది ఆమె. రాత్రికి రాత్రే కర్నూలుకు పంపించాము. నాలుగో రోజు ఆయన చనిపోయారని కబురు వచ్చింది.

ఆ తల్లి మాటలో అబద్ధం లేదు. ఇదివరకు వచ్చిపోయిన జ్వరాలు గడ్డ వల్ల వచ్చినవే కావచ్చు. చివరిసారి వచ్చినది మాత్రం రక్తంలో చేరిన సూక్ష్మక్రిముల వల్ల వచ్చింది. ఈ రెండు జ్వరాలనూ రప్పించే పదార్థాలలో ముఖ్యమైనది ఒకటే. ఇంట్లో చేత్తో నుదురు తాకి చూస్తే తేడా తెలియదు, థర్మామీటరు పెట్టినా తెలియదు. ఆ సంగతి ఆమెకు ముందుగా చెప్పవలసింది మాలాంటివాళ్ళమే. ఆ పదార్థం పేరు ఇంటర్‌లుకిన్-6, పొట్టిగా ఐఎల్-6. ఈసారి పత్రికలో దాని గురించే రాస్తున్నాము.

ఈ పేరు మీలో కొందరికి కొత్తది కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు ల్యాబు రిపోర్టుల్లో సి.ఆర్.పి., డి-డైమర్, ఫెరిటిన్ పక్కన ఐఎల్-6 అని కూడా ఉండేది. ఆ అంకె చూసి ఎంతోమంది గుండెలు జారిపోయాయి. టోసిలిజుమాబ్ అనే ఇంజక్షను కోసం బంధువులు ఊరూరా ఫోన్లు చేశారు, నల్లబజారులో లక్షలు పోసినవాళ్ళూ ఉన్నారు. ఆ ఇంజక్షను అడ్డుకొనేది ఈ ఐఎల్-6 నే. కరోనాతో దాని పని అయిపోలేదు. క్యాన్సర్ ఉన్న మనిషి ఒంట్లో అది నెలల తరబడి, సంవత్సరాల తరబడి ఉంటుంది.

ఇది ఏమిటి?

మన ఒంట్లోని కణాలకు నోరు లేదు. అవి ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి చిన్న చిన్న మాంసకృత్తులను రక్తంలోకి వదులుతాయి. వీటిని సైటోకైన్లు అంటారు. ఐఎల్-6 అలాంటిది. జపానులో ఒసాకా విశ్వవిద్యాలయంలో కిషిమోతో, హిరానో అనే శాస్త్రవేత్తల బృందం 1986 లో దీని జన్యువును వేరుచేసి చూపించింది. ఆరోగ్యవంతుల రక్తంలో ఇది ఒక మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాములు మాత్రమే ఉంటుంది. ఒక గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోగ్రాము. అంత కొంచెంతోనే ఒళ్ళంతా కదులుతుంది.

మన ఊళ్ళలో ఇదివరకు దండోరా వేయించేవారు. డప్పు మోగితే ఎక్కడి పని అక్కడ ఆపి జనం వాకిట్లోకి వచ్చేవారు. ఐఎల్-6 పని అదే. చేలో కాలికి ముల్లు గుచ్చుకొని చీము పట్టిందనుకోండి, అక్కడి కణాలు కొద్ది గంటల్లో ఐఎల్-6 ను వదులుతాయి. ఆ కబురు మెదడుకు చేరి ఒంటి వేడి పెరుగుతుంది. కాలేయానికి చేరి సి.ఆర్.పి. అనే మాంసకృత్తు తయారవుతుంది. ల్యాబులో మేము చూసే సి.ఆర్.పి. అంకె పెరిగిందంటే లోపల ఐఎల్-6 దండోరా వేసిందని చాలావరకు అర్థం. ఎముక మజ్జకు చేరి తెల్ల రక్తకణాలు ఎక్కువగా బయలుదేరుతాయి. ప్రతిరక్షకాలు తయారుచేసే కణాలకు కూడా ఇదే ఊతమిస్తుంది. ఆకలి తగ్గి, ఒళ్ళు నొప్పులు వచ్చి మనిషి ముసుగు తన్ని పడుకుంటాడు. తిరగకుండా పడుకుంటేనే ఒంట్లోని శక్తి పోరాటానికి మిగులుతుంది. ముల్లు తీసి, చీము పోయి, పుండు మానగానే దండోరా ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో ఐఎల్-6 మామూలు స్థాయికి దిగుతుంది.

కాబట్టి ఐఎల్-6 చెడ్డది అని ఎవరూ అనుకోవద్దు. అది లేకపోతే చిన్న పుండుకే మనం ప్రాణాల మీదికి తెచ్చుకుంటాము. చిక్కంతా అది ఆగకపోవడంలో ఉంది.

క్యాన్సర్‌లో దండోరా ఎందుకు ఆగదు?

అదే 1986 లో హెరాల్డ్ డ్వోరాక్ అనే అమెరికా వైద్యుడు క్యాన్సర్ గడ్డలను మానని పుండ్లతో పోల్చి ఒక వ్యాసం రాశారు. ఈనాటికీ వైద్యులు ఆ మాటను తలచుకుంటారు. పుండు మానడానికి శరీరం పంపే సరుకంతా, అంటే కొత్త రక్తనాళాలు, మరమ్మతు కణాలు, కబుర్లు, గడ్డ కూడా రప్పించుకుంటుంది. కానీ మానదు. గడ్డలోని క్యాన్సర్ కణాలూ, వాటి చుట్టూ చేరిన మన సొంత కణాలూ కలిసి ఐఎల్-6 ను పోస్తూనే ఉంటాయి. దండోరా పగలూ రాత్రీ మోగుతూనే ఉంటుంది.

ఒక ఊళ్ళో అలా జరిగితే ఏమవుతుంది? మొదటి రోజు అందరూ వాకిట్లోకి వస్తారు. నెల గడిచేసరికి ఎవరూ తలుపు తీయరు, ఆ గోలలో దొంగ తన పని తాను చేసుకుపోతాడు. ఒంట్లోనూ ఇంచుమించు ఇదే జరుగుతుంది.

మన వ్యాధి నిరోధక వ్యవస్థలో శత్రువు ముఖం గుర్తుపట్టి మిగతావారికి చూపించే కణాలు కొన్ని ఉన్నాయి. వీటిని డెండ్రైటిక్ కణాలంటారు. ఐఎల్-6 ఎక్కువ కాలం తగిలితే ఇవి సరిగా పక్వానికి రావు. అవి చూపించకపోతే, చంపవలసిన టి-కణాలకు ఎవరిని చంపాలో తెలియదు. తెలిసిన టి-కణాలు కూడా పదును కోల్పోతాయి. సహజ హంతక కణాలని ఇంకొక జాతి ఉంది, వాటి చేయీ వాలిపోతుంది. మరోవైపు ఎముక మజ్జలో నుంచి పక్వానికి రాని తెల్లకణాలు కొన్ని గుంపుగా బయటికి వస్తాయి. ఇవి చూడటానికి మన సైన్యమే, చేసేది మాత్రం టి-కణాల కాళ్ళకు బంధం వేయడం. వీటన్నిటి పైన, ఐఎల్-6 కొన్ని క్యాన్సర్ కణాలకు తిండి లాంటిది. మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సరు కణాలు దీనిని ఆసరా చేసుకొని పెరుగుతాయని 1988 నుంచే తెలుసు.

అందుకే "సిస్టర్, మా అమ్మకు ఇమ్యూనిటీ పెరగడానికి ఏం పెట్టాలి?" అని అడిగినవారికి మేము ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోతున్నాము. క్యాన్సర్ రోగిలో నిరోధక శక్తి చెంబులో నీళ్ళలాగా తగ్గడమో పెరగడమో కాదు. ఒక భాగం అరుస్తూ ఉంటుంది, ఇంకొక భాగం నిద్రపోతూ ఉంటుంది. అరిచేదానిని ఇంకా పెంచితే మేలు కలగదు. ఇటీవల వచ్చిన ఇమ్యునోథెరపీ మందులు నిద్రపోయే టి-కణాలను లేపడానికి ఉద్దేశించినవి. రక్తంలో ఐఎల్-6, సి.ఆర్.పి. బాగా ఎక్కువగా ఉన్న రోగులకు ఆ మందులు తక్కువగా పనిచేస్తున్నాయని పలు పరిశీలనల్లో కనబడింది.

ఐఎల్-6 ఒంటరిగా పనిచేయదు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌లుకిన్-1, ఇంటర్‌ఫెరాన్-గామా అని దాని తోటివారు చాలామంది ఉన్నారు. వీటి మీద ప్రపంచమంతా గౌరవించే పరిశోధన చేస్తున్నవారిలో మన తెలుగు మహిళ ఒకరు ఉన్నారు. కొత్తగూడెంలో, ఉస్మానియాలో చదువుకున్న కన్నెగంటి తిరుమలదేవి గారు అమెరికాలోని మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనా ఆసుపత్రిలో ప్రయోగశాల నడుపుతున్నారు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్-గామా రెండూ జత కలిసినప్పుడు కణాలు మూకుమ్మడిగా చచ్చిపోయి అవయవాలు దెబ్బతింటున్నాయని 2021 లో వారి బృందం చూపించింది. మా నర్సింగ్ విద్యార్థినులకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు వెలిగాయి, అందుకే ఇక్కడ కూడా రాశాము.

తినని మనిషితో పోట్లాట

ఇక ఇంట్లో కనిపించే వాటికి వద్దాము. మా ఓపీలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు "తింటలేడు" అన్నది. జొన్నరొట్టె ముందర పెడితే ముక్క తుంచి పక్కన పెడతాడు. కొడుకు కోప్పడతాడు, భార్య ఏడుస్తుంది, రోగి మొహం గోడ వైపు తిప్పుకుంటాడు. ఇంట్లో అందరూ ఒకరినొకరు ప్రేమించుకుంటూనే పోట్లాడుకుంటారు. మేము ఎన్ని ఇళ్ళలో చూశామో చెప్పలేము.

ఆ మనిషి మొండికేయడం లేదు. ఐఎల్-6, దాని తోటివారు మెదడులోని ఆకలి కేంద్రాన్ని అణచివేస్తాయి. అంతటితో ఆగకుండా కండలను కరిగిస్తాయి. మామూలుగా పస్తులున్న మనిషికి ముందు కొవ్వు కరుగుతుంది, మళ్ళీ తింటే కోలుకుంటాడు. క్యాన్సర్‌లో కండ కూడా కరుగుతుంది, తిండి ఒక్కటే పెట్టినంత మాత్రాన పూర్తిగా తిరిగి రాదు. తొడలు సన్నబడటం, చెంపలు లోపలికి పోవడం అందుకే. రక్తంలో ఆల్బుమిన్ తగ్గింది అని రిపోర్టు వస్తే "గుడ్లు పెట్టలేదా?" అని కోడలిని నిలదీసిన అత్తగారిని చూశాము. కాలేయం సి.ఆర్.పి. తయారీలో మునిగి ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది. అందులో కోడలి తప్పు ఏమీ లేదు.

మరి పెట్టకుండా ఊరుకోవాలా? అలా కాదు. పళ్ళెం నిండా పెట్టి కూర్చోకుండా రెండు గంటలకొకసారి కొంచెం కొంచెం ఇవ్వండి. రోగి బరువు కిలోకు రోజుకు ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు అందితే మంచిది. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి. గట్టి పప్పు, ఉడికించిన పల్లీలు, పాలు, పెరుగు, చేపలు, చికెన్, ఏది నోటికి హితవైతే అది. నోరు పూసినవారికి జొన్న అంబలిలో పాలు కలిపి చల్లార్చి ఇవ్వవచ్చు. తిన్నది తక్కువైనా కోప్పడకండి.

సెలైను విషయం కూడా చెప్పాలి. "బలానికి ఒక బాటిల్ ఎక్కించండి" అని అడగనివారు లేరు. అయిదు శాతం గ్లూకోజు అర లీటరు బాటిల్‌లో ఉండేది ఇరవై అయిదు గ్రాముల గ్లూకోజు, అంటే రెండు ఇడ్లీలంత శక్తి. నీరు తగ్గినవారికి అది ప్రాణాధారమే, కండ పెంచడానికి మాత్రం పనికిరాదు. ఇడ్లీలే చవక.

రక్తం ఎందుకు పట్టదు?

ఒక చెల్లెమ్మ నాలుగు నెలలు ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ ఎనిమిది దాటలేదు. మాత్రలు నకిలీవేమోనని మెడికల్ షాపుకు వెళ్ళి గొడవ కూడా చేసి వచ్చింది. దోషం మాత్రలది కాదు.

సూక్ష్మక్రిములు పెరగడానికి ఇనుము కావాలి. అందుకని దండోరా మోగగానే శరీరం చేసే మొదటి జాగ్రత్తల్లో ఒకటి, ఇనుమును దాచిపెట్టడం. ఐఎల్-6 కబురు అందుకున్న కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును వదులుతుంది. అది పేగులో ఇనుము లోపలికి వచ్చే దారినీ, నిల్వలో నుంచి బయటికి పోయే దారినీ మూసివేస్తుంది. ఐఎల్-6 కూ హెప్సిడిన్ కూ ఉన్న ఈ సంబంధం 2004 లో రుజువైంది. నాలుగు రోజుల జ్వరంలో ఇది తెలివైన పని. నెలల తరబడి సాగితే గిడ్డంగిలో ధాన్యం ఉండగానే ఇంట్లో పస్తులున్నట్టు అవుతుంది. ఫెరిటిన్ పరీక్షలో ఇనుము నిండుగా కనబడుతుంది, రక్తం మాత్రం పట్టదు.

అయితే మన నడిగడ్డ స్త్రీలలో నిజంగా ఇనుము తక్కువ ఉన్నవారు ఎక్కువ. రెండూ కలిసి ఉండవచ్చు. అందుకే మీ అంతట మీరు మాత్రలు మానవద్దు, రెట్టింపు చేయవద్దు. నరంలో ఇచ్చే ఐరన్ కావాలో, రక్తం ఎక్కించాలో, మరొక మందు కావాలో పరీక్షలు చూసి డాక్టరు గారు నిర్ణయిస్తారు.

మరి ఐఎల్-6 ను ఆపే ఇంజక్షను ఉంది కదా?

ఇది చాలా న్యాయమైన ప్రశ్న. చదువుకున్న యువకులు ఫోనులో చూసి వచ్చి అడుగుతున్నారు.

టోసిలిజుమాబ్ కీళ్ళవాతానికి చాలా ఏళ్ళ నుంచి వాడుతున్న మందు. క్యాన్సర్ రంగంలోకి అది వచ్చిన తీరు చెప్పుకోదగ్గది. 2012 లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రక్త క్యాన్సరుతో ఉన్న ఆరేళ్ళ పాపకు, ఆమె టి-కణాలనే బయటికి తీసి శిక్షణ ఇచ్చి మళ్ళీ ఎక్కించారు. దీనిని కార్-టి చికిత్స అంటారు. ఆ కణాలు క్యాన్సరు మీద ఎంత ఉధృతంగా పడ్డాయంటే, సైటోకైన్ల తుఫాను లేచి పాప వెంటిలేటరు మీదికి వెళ్ళింది. పరీక్షలో ఐఎల్-6 ఆకాశాన్ని అంటింది. ఆ చికిత్సను రూపొందించిన డాక్టర్ కార్ల్ జూన్ గారి కుమార్తెకు చిన్నతనపు కీళ్ళవాతం ఉండటం వల్ల ఈ మందు సంగతి ఆయనకు ముందే తెలుసు. ఇంజక్షను ఇచ్చిన కొద్ది గంటల్లో జ్వరం దిగింది, పాప బతికింది. 2017 లో అమెరికా ప్రభుత్వం ఈ ఉపయోగానికి అనుమతినిచ్చింది. మన దేశంలో తయారైన మొదటి కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, అక్కడా ఇలాంటి తుఫాను వస్తే ఇదే ఇంజక్షను ఆధారం.

కరోనా సమయంలో దీని కొరత మన రాష్ట్రాన్ని ఎంత ఏడిపించిందో పైన రాశాము. 2021 సెప్టెంబరులో హైదరాబాదుకు చెందిన హెటిరో కంపెనీ తయారుచేసిన టోసిలిజుమాబ్‌కు కరోనా రోగులలో అత్యవసర వాడకానికి కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతినిచ్చారు. దానిని తయారుచేసేది జడ్చర్ల ప్లాంటులో అని కంపెనీ ప్రకటించింది. అయిజ నుంచి క్యాన్సర్ రోగిని తీసుకొని ఎర్రవల్లి చౌరస్తాలో పెద్దరోడ్డు ఎక్కి హైదరాబాదుకు పోయేవారు జడ్చర్ల మీదుగానే కదా పోయేది! ఒసాకాలో మొదలైన కథ మన పాలమూరు రోడ్డు పక్కకు వచ్చిందన్నమాట.

అయినా మామూలు క్యాన్సర్ రోగికి దీనిని ఇవ్వరు. కారణం, ప్రయత్నించి చూశారు. ఐఎల్-6 ను నేరుగా పట్టుకొనే సిల్టుక్సిమాబ్ అనే మరొక మందు 2014 లో కాసిల్‌మన్ వ్యాధి అనే అరుదైన జబ్బుకు అనుమతి పొందింది. మైలోమాలోనూ, ప్రోస్టేటు క్యాన్సరులోనూ ఇచ్చి చూసినప్పుడు ఆశించినంత మేలు కనబడలేదు. ఒక దండోరాను ఆపితే పక్క వీధిలో ఇంకొకటి మోగుతోంది. ఇమ్యునోథెరపీతో కలిపి ఇస్తే ఎలా ఉంటుందన్న పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇంకొక ప్రమాదం నర్సులుగా మాకు బాగా తెలిసినది. ఐఎల్-6 ను అడ్డుకుంటే జ్వరం రాదు, సి.ఆర్.పి. పెరగదు. లోపల చీము పట్టినా బయటికి చిహ్నం ఉండదు. స్టెరాయిడ్లు కూడా కొంతవరకు ఇదే పని చేస్తాయి. ఊళ్ళో ఎవరైనా "ఆకలి పుట్టే సూది" అని స్టెరాయిడ్ ఇస్తే రెండు రోజులు హుషారుగా తింటారు, ఆ తరువాత వచ్చే ఇన్ఫెక్షను దాగి ఉండి పెద్దదయ్యాక బయటపడుతుంది. క్యాన్సరు వైద్యుడు రాసిన స్టెరాయిడ్ వేరు, అది తప్పకుండా వాడాలి.

పొడులు, కషాయాలు, నడక

కూరలో పసుపు వేసుకోండి, పాలలో చిటికెడు కలుపుకోండి, అభ్యంతరం లేదు. పసుపులోని కుర్కుమిన్ ప్రయోగశాల గాజుపాత్రల్లో ఐఎల్-6 ను తగ్గించిన మాట నిజమే, కానీ మన పేగులు దానిని చాలా కొద్దిగానే పీల్చుకుంటాయి. కుర్కుమిన్ మాత్రల డబ్బాలు వేరే సంగతి, కీమోథెరపీ జరుగుతున్నప్పుడు డాక్టరును అడగకుండా వాడవద్దు. కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ పేరుతో తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్నవారి గురించి ముంబయి వైద్యులు 2021 లో రాశారు. కీమో మందులను వడపోసేది ఆ కాలేయమే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మనం నడిచినప్పుడు మన కండరాలు కూడా ఐఎల్-6 ను వదులుతాయి! కానీ అది కొద్దిసేపు వచ్చి ఆగిపోతుంది, పైగా వాపును తగ్గించే ఇతర కబుర్లను వెంట తెస్తుంది. 2016 లో డెన్మార్క్ పరిశోధకులు చక్రం మీద పరుగెత్తించిన ఎలుకలలో సహజ హంతక కణాలు గడ్డలోకి చేరడం, గడ్డలు చిన్నవిగా ఉండటం చూశారు. అందులో ఈ కండరాల ఐఎల్-6 పాత్ర ఉందని తేల్చారు. ఎలుకల ఫలితం మనుషులకు అలాగే వర్తిస్తుందని మేము చెప్పము. అయినా నడిచే రోగి కండ త్వరగా కరగదని, నిద్ర బాగా పడుతుందని మా కళ్ళతో చూస్తున్నాము. మంచం మీద నుంచి దించకుండా "పాపం, పండుకోనీయండి" అనడం ప్రేమే కానీ, ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు వాకిట్లో నడిపించడం అంతకంటే మంచి ప్రేమ. జ్వరం ఉన్న రోజు, తల తిరిగే రోజు వద్దు.

పొగాకు, గుట్కా, కుళ్ళిన పళ్ళు, చిగుళ్ళ చీము కూడా ఐఎల్-6 ను పెంచుతాయి. పళ్ళ పని ఉంటే కీమో మొదలుకాకముందే చేయించుకోవాలి.

జ్వరం వచ్చిన రాత్రి

ఇప్పుడు మొదట చెప్పిన పెద్దాయన దగ్గరికి వద్దాము. గడ్డ వదిలే ఐఎల్-6 వల్ల క్రిములు లేకుండానే జ్వరం రావడం నిజం. దానిని గడ్డ జ్వరం అంటారు. కానీ అది గడ్డ జ్వరమేనని తేల్చడం, రక్త పరీక్షలు, కల్చరు అన్నీ చేసి ఇన్ఫెక్షను లేదని నిర్ధారించుకున్న తరువాతనే సాధ్యం. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా మంచం పక్కన నిలబడి చూసి చెప్పలేరు.

కీమోథెరపీ ఇచ్చిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా తగ్గుతాయి. తెల్లకణాలు లేకపోతే చీము పట్టదు, గొంతు ఎర్రబడదు, దగ్గినా కఫం రాదు. జ్వరం ఒక్కటే చిహ్నం. దానిని కూడా పారాసిటమాల్ గోలీతో నొక్కేస్తే ఇంకేమీ మిగలదు. ఆ స్థితిలో క్రిములు రక్తంలో పడితే గంటల్లో మనిషి దక్కకుండా పోతాడు. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటిబయాటిక్ నరంలో పడాలన్నది వైద్యుల నియమం.

కీమో జరుగుతున్న ప్రతి ఇంట్లో థర్మామీటరు ఉండాలి. 100.4 డిగ్రీలు చూపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు, గోలి వేసి చూద్దామనుకోవద్దు. వణుకు వచ్చినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా థర్మామీటరు ఏమి చెప్పినా బయలుదేరండి. కొందరు ముసలివారికి జ్వరమే రాదు, ఒళ్ళు చల్లబడుతుంది. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి ముందు వెళ్ళండి, అది గద్వాలో, కర్నూలో, రాయచూరో ఏదైనా సరే. మొదటి యాంటిబయాటిక్ అక్కడ పడ్డాక హైదరాబాదు వైద్యులకు ఫోను చేయవచ్చు. 108 కు ఫోను చేసేటప్పుడు "జ్వరం" అని మాత్రమే చెబితే చాలదు, "కీమో ఎక్కించి ఇన్ని రోజులైంది, జ్వరం వచ్చింది" అని కలిపి చెప్పండి. ఆసుపత్రి గేటు దగ్గర, ఓపీ చీటీ రాసేవారికి, కనబడిన మొదటి నర్సుకు కూడా అదే వాక్యం చెప్పండి. వరుసలో కూర్చోమంటే కూర్చోవద్దు, మరోసారి గట్టిగా చెప్పండి. ఎవరూ తప్పు పట్టరు.

ఆ పెద్దాయన పోయిన తరువాత మా వార్డులో డిశ్చార్జి కాగితాలను మార్చాము. ఇదివరకు "జ్వరం వస్తే మాత్ర వాడి, తగ్గకపోతే రావలెను" అని ఒక వరుస ఉండేది. క్యాన్సర్ రోగుల కాగితాలలో ఆ వరుసను కొట్టివేసి, కీమో ఇచ్చిన తేదీ, ఏడో రోజు తేదీ, పద్నాలుగో రోజు తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఇస్తున్నాము. చదవడం రానివారికి క్యాలెండరులో ఆ రోజుల చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుడుతున్నాము. వేరే ఆసుపత్రిలో కీమో తీసుకుంటున్నవారు కూడా ఇంటి క్యాలెండరును, కీమో కాగితాలను తీసుకొని సోమవారం నుంచి శనివారం వరకు ఎప్పుడైనా రండి. డ్యూటీలో ఉన్న సిస్టర్ చుట్టి ఇస్తుంది. దానికి ఓపీ చీటీ అవసరం లేదు.